జీపు నిండేలోపు

అత్త పోయిందన్న మాట నాకు జీపు డ్రైవరు చెప్పాడు. ఆవపల్లిలో నేను పాఠాలు చెప్పే బడి వెనక, చేతిపంపు దగ్గర మాత్రమే ఫోనుకు సిగ్నల్ దొరుకుతుంది. పిల్లలు మధ్యాహ్న భోజనం పళ్ళేలు కడుక్కుంటుంటే వాళ్ళ మధ్య నిలబడి ఫోనెత్తాను. "దీదీ, అమ్మాజీ లేదు" అన్నాడు. కొట్టులో లేదంటున్నాడేమో అనుకుని, సంతకు వెళ్ళిందేమో చూడమన్నాను. "నా బండిలనే దవాఖానకు తీస్కపోయిన దీదీ. జీపు నిండకముందే తీసిన. అయినా దారిలనే పోయింది" అన్నాడు. దోర్నపాల్ సంత నుంచి కోంటా వైపు జీపు నడిపే ఈ మనిషి, సీట్లన్నీ నిండి వెనక మెట్టు మీద కూడా జనం వేలాడితే తప్ప బండి కదిలించేవాడు కాదు. నిండకుండా కదిలించాడంటేనే నాకు విషయం అర్థమైంది.

ఆమె నవలలు మీలో కొందరు చదివే ఉంటారు. ఆమె పేరు ఇక్కడ రాయను. పోయిన దగ్గర్నుంచి ఆ పేరును నగరంలో ఫ్లెక్సీ మీదకెక్కించి, మైకుల్లో నలిపి, చేయాల్సిందంతా చేశారు. నాకు ఆమె మేనత్త. మా నాన్నకు అక్క. నేను అత్త అనే రాస్తాను.

ఈ పత్రికవాళ్ళు నాలుగు మంచి మాటలు రాసిమ్మన్నారు. కోపం చల్లారాక రాయమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. అది చల్లారేలా లేదు. పైగా అత్తకు చల్లారిన మనుషులంటే పడదు. "కోపం రానోడు ఏటి రాస్తాడే? సుబ్బరంగా సంతకం పెట్టీసి ఇంటికి ఎల్లిపోతాడు" అనేది. అందుకని ఉన్న కోపంతోనే రాస్తున్నాను. కటువుగా ఉంటే ఓర్చుకోండి, ఓర్చుకోలేకపోతే పేజీ తిప్పేయండి.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రాష్ట్ర సరిహద్దు దాటి, కిరందుల్ ఇనుపగనుల లైనులో రైలు పట్టాల పనికి వచ్చాడు. అత్తా, మా నాన్నా పుట్టిందీ పెరిగిందీ రైల్వే క్వార్టర్లలో, చర్చి పక్కన. ఆమె చదువుకున్నది హిందీ బడిలో. తెలుగు నేర్చుకున్నది తాత చదివించిన బైబిలులోంచి, ఊరి నుంచి ఎవరో ఒకరు తెచ్చే పాత వారపత్రికల్లోంచి. పెళ్ళయి దోర్నపాల్ వచ్చింది. రోడ్డు మీద బట్టల కొట్టు. మామయ్య తొందరగానే పోయాడు. కొట్టు ఆమెకు మిగిలింది. లుంగీలు, తువ్వాళ్ళు, సంత చీరలు, బడి పిల్లల యూనిఫారం గుడ్డ. ఆ కొట్టులోనే, ఆ కౌంటరు మీదే ఆమె నవలలన్నీ రాసింది.

సెలవులొస్తే నన్ను కిరందుల్ నుంచి ఆమె దగ్గరకు పంపేవాళ్ళు. పొద్దున్నే కొట్టు తెరిచి, సాంబ్రాణి వెలిగించి, గిరాకీ మొదలయ్యేలోపు రాసుకునేది. చీరల పెట్టెల్లో వచ్చే గోధుమరంగు కాగితాన్ని కత్తెరతో సమంగా కోసుకుని, దాని గరుకు వైపున రాసేది. నున్నటి వైపు ఎందుకు రాయవని అడిగితే, "నున్నగా ఉంటే సెయ్యి జారీపోద్ది, ఏం రాసినా బావున్నట్టే కనపడద్ది" అంది. అప్పట్లో అది జోకనుకున్నాను. నున్నటి కాగితం మీద వచ్చిన కొన్ని పుస్తకాలు చదివాక కాదని తెలిసింది.

అసలు సంగతి సంత రోజు జరిగేది. సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చిన తెలుగు కూలీలు, దొర్ల ఆదివాసులు, చింతపండు అమ్ముకుని ఉప్పూ నూనే కొనుక్కుని, తిరుగు జీపు కోసం మా కొట్టు అరుగు మీద కూర్చునేవాళ్ళు. జీపు నిండేదాకా అక్కడే. అత్త ఒకసారి రాసిన కాగితం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి పైకి చదువుకుంటోందట. అరుగు మీద ఆనుకుని కూర్చున్న ఒకామె అలవాటు కొద్దీ "ఊఁ" అంది. ఎవరైనా కథ చెబుతుంటే మనమంతా అంటాం కదా, అలాగే. అత్త చదువుతూ పోయింది. ఆమె ఊఁ కొడుతూ పోయింది. కొంత దూరం వెళ్ళాక ఊఁ ఆగింది.

ఆమె ముత్తమ్మ. మిర్చి ఏరే కాలంలో నది దాటి తెలంగాణ పొలాలకు పోయే కూలీ మనిషి. మిగతా రోజుల్లో ఇప్పపువ్వూ చింతపండూ. ఎందుకు ఆపావని అత్త అడిగితే ముత్తమ్మ మొహమాటపడిందట.

"ఏం లేదమ్మా, సదువు."

"సెప్పు, పర్లేదు."

"అండ్ల మడిసి లేదమ్మా. మాటలే ఉన్నయ్. నేనెవరికి ఊఁ కొట్టాలె?"

అత్త వెంటనే కౌంటరు మీది గుండుసూది ఒకటి తీసి, ఆ వాక్యం దగ్గర కాగితానికి గుచ్చింది. బట్టల కొట్టులో గుండుసూదులకు కరువేముంది. ఆ రోజు నుంచి ఆమె పని చేసే పద్ధతి అదే. సంత రోజు అరుగు మీద చదవడం, ఊఁ ఆగిన చోటల్లా సూది గుచ్చడం, తర్వాతి ఉదయాల్లో ఒక్కో సూదీ తీస్తూ అక్కడ తిరగరాయడం. వచ్చే సంతకు మళ్ళీ చదవడం. సూది ఒక్కటి కూడా మిగలని అధ్యాయాన్నే నాకు టైపు చేయడానికి ఇచ్చేది. ఒక్కో అధ్యాయానికి ఎన్ని సంతలు పట్టేవో లెక్క లేదు. ఒక నవలలో మొగుడు పెళ్ళాన్ని క్షమాపణ అడిగే ఘట్టానికి వర్షాకాలమంతా పట్టింది. అరుగు మీద ఆడవాళ్ళు ఒక్కరు కూడా ఊఁ అనలేదు మరి. "మొగోడు అట్ల నోటితోని అడుగుతడా? ఇంటికి చేపలు తెస్తడు, అంతే" అని తేల్చారు. చివరికి ఆ మొగుడు చేపలే తెచ్చాడు. మీరంతా ఉత్తరాల్లో ఎంతో మెచ్చుకున్న ఘట్టం అది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది విన్నాక మీకు కూడా నాలాగే కోపం రావాలి. అత్త అధ్యాయాలు పొట్టిగా ఉంటాయి కదా. దాని మీద నగరంలో వ్యాసాలు వచ్చాయి. లఘు అధ్యాయ శిల్పమన్నారు. విచ్ఛిన్న జీవితానికి విచ్ఛిన్న రూపమని ఎవరో రాశారు. అత్త ఆ వ్యాసం నా చేత చదివించుకుని, చివరిదాకా విని, "ఒలే గుంటా, జీపు సంగతి రాయలేదేటి వీళ్ళు?" అంది. అధ్యాయం ఎంత పొడుగుండాలో జీపు చెప్పేది. జీపు నిండేలోపు అయిపోవాలి. డ్రైవరు హారన్ కొట్టాడంటే అరుగు ఖాళీ అయిపోతుంది, ఊఁ కొట్టడానికి మనిషి ఉండదు. వాళ్ళిద్దరికీ ప్రతి సంతకూ తగువే. "ఇంకో ముక్క ఉంది, ఆగవయ్యా" అని ఆమె, "అమ్మాజీ, సవారీ చలీ జాయేగీ" అని అతను. వేరే జీపు వస్తే గిరాకీ పోతుందని అతని భయం. ఒక్కోసారి ఇంజను నడుపుతూనే కిటికీలోంచి తల బయటపెట్టి వినేవాడు. అతనికి తెలుగు సగమే వచ్చు. ఆ సగంతోనే అన్ని నవలలూ విన్నాడు.

పుస్తకాల వెనక అట్ట మీద కొట్టు ఫోను నంబరు ఉండేది. పాఠకులు చేసేవాళ్ళు. ఆమె భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, రెండు చేతులతో గుడ్డ కొలుస్తూ మాట్లాడేది. అవతలివాళ్ళు ఏడుస్తుంటే కొలత ఆపేసేది. భర్త పోయిన ఒకావిడ ఎక్కడో కోస్తా ఊరి నుంచి తరచూ చేసేది. ఇద్దరూ నవల గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఏం వండావు, మోకాలు ఎలా ఉంది, ఇవే మాటలు. అదేమిటత్తా, పుస్తకం గురించి అడగదా అంటే, "సదివీసింది కదే, ఇంకేటి అడగాలి? ఇప్పుడు నా గురించి అడగతంది" అంది.

అడవి ఎలా ఉంటుందని అడిగేవాళ్ళంటే మాత్రం ఒళ్ళు మండేది ఆమెకు. "నాకు కొట్టు ముందర రోడ్డు కనపడద్ది బాబూ, లారీలు కనపడతాయి. అడివి సూడాలంటే టికెట్టు తీసుకొని రండి" అని పెట్టేసేది. టికెట్టు తీసుకుని నిజంగానే ఒకాయన వచ్చాడు. మెళ్ళో కెమెరా. పాఠకుణ్ణన్నాడు, అభిమానినన్నాడు, అత్త టీ ఇప్పించింది. టీ తాగి అరుగు మీదికెళ్ళి ముత్తమ్మను గంప నెత్తిన పెట్టుకుని పక్కకు చూడమన్నాడు. ముత్తమ్మ గంప ఎప్పుడో అమ్మేసుకుంది. ఖాళీ గంప ఎవరిదో తెచ్చి ఇచ్చాడు. అత్త కొలకర్ర పట్టుకుని బయటికి వచ్చింది. కొట్టలేదు. కొడితే బాగుండేదని నాకు ఇప్పటికీ ఉంది. "నువ్వు నా పుస్తకం సదవలేదు. సదివుంటే ఈమెని కూసోబెట్టి పలకరించీవోడివి. ఎల్లు" అంది. ఆయన తర్వాత ఎక్కడో రాసుకున్నాడట, రచయిత్రి కాస్త కరుకు మనిషి అని. అవును, కరుకే. ఆ కరుకు వల్లే ఆ అరుగు మీద అంతమంది భయం లేకుండా కూర్చోగలిగారు.

ఆమె మీద కూడా నాకు కోపముంది. అది దాచుకుని పొగడటం నా చేత కాదు. జ్వరం వచ్చింది. చలి వచ్చి పళ్ళు కొట్టుకునే జ్వరం. ఇది ఎలాంటి జ్వరమో ఇక్కడ పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. రక్తం చూపించుకోమని నేను ఫోనులో అరిచాను. "సంత రోజు ఎల్లిపోనీ, సూపించుకుంటాను. సివరి అధ్యాయం సగం అయ్యింది, సదివి సూడాల" అంది. సంత రోజు అరుగు మీదకు వచ్చి కూర్చుంది. కాగితం చేతుల్లో వణుకుతుంటే ముత్తమ్మే ముందు గమనించి లేచి, ఒళ్ళు ముట్టుకుని, జీపును పిలిచిందట. ఒక్క అధ్యాయం కోసం. నవల వచ్చే సంతకు ఆగేది అత్తా. జ్వరం ఆగలేదు. ఈ మాట ఆమె ముఖం మీద అనాలని ఆ రోజు దారంతా అనుకున్నాను. బీజాపూర్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి చుట్టూ తిరిగి ఇంకో రెండు బండ్లు మారి చేరేసరికి ఆమెకు తెల్లచీర కట్టేశారు. కొట్టులోదే, కొత్త చీర, మడత గీతలు ఇంకా పోలేదు.

సమాధి దగ్గర కిరందుల్ నుంచి వచ్చిన పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆయన ఆగినప్పుడల్లా మేం ఆమెన్ అన్నాం. వెనక నిలబడిన ముత్తమ్మ ఊఁ అంది. ఎవరో తిరిగి కోపంగా చూశారు. ఆమె పట్టించుకోలేదు, ఆయన ఆగిన చోట మళ్ళీ ఊఁ అంది. పాస్టరుగారు మంచివారు, ఆమె వైపు చూసి తల ఊపి ప్రార్థన కొనసాగించారు.

ఇక నగరం సంగతి. సంస్మరణ సభ పెట్టామని ప్రచురణకర్త కబురు చేశాడు. వెళ్ళాను. ముత్తమ్మను కూడా తీసుకొస్తానంటే, ఏర్పాట్లు కష్టం, వేదిక మీద చోటు తక్కువ అన్నాడు. వేదిక మీద నేను కూర్చున్నాను, నా పక్కన ఖాళీ కుర్చీలున్నాయి. రావాల్సినవాళ్ళు ట్రాఫిక్కులో ఉన్నారట. ఒక్కొక్కరూ లేచి అడవి గొంతు మూగబోయిందన్నారు. ఆ గొంతుతో ఎప్పుడైనా మాట్లాడినవాళ్ళు చేతులెత్తండి అంటే ఎన్ని లేచేవో. ఒక పెద్దాయన పొట్టి అధ్యాయాల శిల్పం మళ్ళీ ఎత్తుకున్నాడు. నా వంతు వచ్చినప్పుడు జీపు సంగతి చెప్పాను. జనం నవ్వారు. నేను హాస్యమాడాననుకున్నారు. చివర్లో నాకు శాలువా కప్పారు. అత్త ఉంటే అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, "పాలిస్టరే" అని పక్కన పెట్టేసేది.

సభ అయ్యాక ప్రచురణకర్త నన్ను పక్కకు పిలిచాడు. చివరి నవల తెచ్చారా అన్నాడు. అది ఎలాంటి నవలో మీకు చెప్పాలి. బుద్రి అనే ఒకామె. గొడవల్లో ఊరు ఊరంతా ఖాళీ అయి చెల్లాచెదురైతే, నది దాటి మిర్చి చేలల్లో ఏళ్ళ తరబడి కూలి చేసి, పిల్లల్ని పెంచి, చివరికి ఒంటరిగా నడుచుకుంటూ సొంత ఊరికి తిరిగొస్తుంది. ఇల్లున్న చోట ఇంకెవరిదో గుడిసె ఉంది. పొయ్యి పొగ వస్తోంది. అక్కడిదాకా రాసింది అత్త. గుడిసె ముందు బుద్రి నిలబడి ఉంటుంది. ఆ తర్వాత లేదు.

పూర్తికాని నవల వేయలేనన్నాడు ప్రచురణకర్త. "పాఠకులు ఒప్పుకోరమ్మా."

"ఏ పాఠకులండీ?" అన్నాను.

"అంటే, మన పాఠకులు."

ఆ మన అన్నది ఎవరో నాకు తెలుసు, ఆ మనలో ఎవరు లేరో కూడా తెలుసు. అతను నొచ్చుకోకుండా చెప్పాడు, ఒక పెద్ద రచయితతో మాట్లాడాననీ, ఆయన ఎంతో ప్రేమతో చివరి అధ్యాయం పూర్తి చేశారనీ, అత్త శైలి అచ్చు గుద్దినట్టు దించారనీ. టైపు చేసిన కాగితాలు కవరులో పెట్టి ఇచ్చాడు. ఒప్పుకుంటే పుస్తకం వస్తుంది. ఒప్పుకోకపోతే ఈ నవల తన దగ్గర రాదు, ఈ మార్కెట్లో ఇంకెవరూ కూడా వేయరన్నాడు. అది అబద్ధమని చెప్పలేను. సగంలో ఆగిన నవల, పేరు తప్ప ముఖం తెలియని ఊరు, పోయిన రచయిత్రి. అత్త ఎన్నో సంతలు కూర్చుని సూదులు తీసిన నవల. అది ఇనపపెట్టెలో ఉండిపోతుందా, వేరేవాళ్ళ చివరి పేజీలతో బయటికి వస్తుందా అన్నది నా మీద పడింది. వారసురాలిని నేనే మరి.

నిజం చెబుతున్నాను, తిరుగు ప్రయాణంలో ఒప్పుకుందామనే అనుకున్నాను. ఒక్క అధ్యాయమే కదా, మిగతా అంతా ఆమెదే కదా అని. బస్సులో కవరు తెరిచి చదివాను. భాష బాగుంది. ఆయనకు పదాలకు కొదవ లేదు. వాన కురిపించాడు. బుద్రి గుడిసె గడప ముందు కుప్పకూలుతుంది. గుప్పెట నిండా సొంత ఊరి మట్టి తీసుకుని గుండెకు అదుముకుంటుంది. కళ్ళు మూస్తుంది. మట్టి మట్టిలో కలుస్తుంది. పక్కన కూర్చున్న ప్రయాణికురాలు ఏమైంది మేడమ్ అని అడిగితే, ఏమీ లేదన్నాను. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కాదనను. అందుకే నా మీద నాకు నమ్మకం పోయింది. సంత రోజు కొట్టు తెరిచి, అరుగు మీద కూర్చున్నాను.

అత్తను సమాధి చేశాక కొట్టు తలుపు తీయడం అదే మొదలు. అయినా అరుగు మీద ఎప్పటివాళ్ళే ఉన్నారు. వాళ్ళు జీపు కోసం కూర్చునే చోటు అది, తలుపు తీసి ఉన్నా మూసి ఉన్నా. ముత్తమ్మ నన్ను చూసి, జరిగి, చోటు ఇచ్చింది.

"సావుకారమ్మ కత మిగిలింది గదా. తెచ్చినవా?" అంది. అత్త ఆమెకు సావుకారమ్మ.

తెచ్చానన్నాను. ఎవరు రాశారో చెప్పలేదు. కవరులోని కాగితాలు చదవడం మొదలుపెట్టాను. వాన మొదలైన చోట ముత్తమ్మ ఊఁ అంది. రెండో పేరాలో కూడా అంది. బుద్రి మోకాళ్ళ మీద పడిన చోట ఊఁ రాలేదు. నేను ఆగాను. అలవాటు కొద్దీ కౌంటరు మీది డబ్బాలోంచి గుండుసూది తీసి గుచ్చాను. చదివాను. మట్టి గుప్పెట దగ్గర రాలేదు. సూది. కళ్ళు మూసిన చోట రాలేదు. సూది. చివరిదాకా అలాగే, చుట్టూ ఉన్నవాళ్ళలో ఏ ఒక్కరి నోటా రాలేదు. ఒక పిల్లతల్లి బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది. ఒకాయన బీడీ ఆర్పేశాడు.

"ఎందుకు సచ్చింది?" అంది ముత్తమ్మ.

నేను చివరి వాక్యాన్ని మళ్ళీ చూసుకున్నాను.

"అంత దూరం నడిసి వచ్చింది సచ్చేటందుకా? మిర్చి చేన్లల్ల చావలే, నది దాటేటప్పుడు చావలే. ఇంటి కాడికొచ్చినంక ఏం రోగమొచ్చింది ఆమెకు?"

"అలసిపోయింది కదా ముత్తమ్మా" అన్నాను. ఆ పెద్ద రచయిత తరఫున వాదించడం నాకు నేనే విన్నాను.

"అలసిపోతే కూసుంటరు. సావరు. నేను గూడ పోయి వచ్చినదాన్నే. నా ఇంట్ల గూడ వేరేటోళ్ళు ఉన్నరు. నేను సచ్చిన్నా?" ఆమె గొంతు పెరిగింది. అరుగు మీద అందరూ ఆమె వైపే చూస్తున్నారు. "సావుకారమ్మకు నేను ఎన్నిసార్లు చెప్పిన ఆ ముచ్చట. ఆమె గిట్ల రాయదు. ఇది ఎవడు రాసిండు?"

ఎందుకు చచ్చిందన్న ఆ ఒక్క ప్రశ్నే బస్సులో చదివిన దగ్గర్నుంచీ నన్ను తొలుస్తోంది, కానీ ఇంత సూటిగా నాకు రాలేదు. మా మనుషులు చస్తే తప్ప మీకు నవల పూర్తి కాదా అండీ? నడిచి వచ్చిన మనిషి నిలబడి, ఎదుటివాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి, తగువో రాజీయో తేల్చుకోకూడదా? ఆమె గడప ముందు రాలిపోతే మీకు కన్నీళ్ళొస్తాయి, పుస్తకం మూసి పడుకోవచ్చు. నిలబడి ఉంటే ఆమెకు ఏం చెప్పాలో మీరు ఆలోచించాల్సి వస్తుంది. అందుకని వాన కురిపించి చంపేశారు. ప్రేమతో చేశారట. ఆ ప్రేమ మాకు వద్దు. అత్త బతికుండగా ఒక్కసారి దోర్నపాల్ దాకా రాలేని ప్రేమ అది.

కనుక ప్రచురణకర్తగారికి నా జవాబు ఇదే, ఈ పత్రికలోనే చదువుకోండి. మీ చివరి అధ్యాయం మీకే పంపేస్తున్నాను. సూదులు తీయలేదు, జాగ్రత్తగా తెరవండి. నవల అత్త రాసినంతవరకే వేస్తే వేయండి. వేయకపోతే సంత సంతకూ ఒక అధ్యాయం చొప్పున ఈ అరుగు మీద నేను చదువుతాను. మొదటి నుంచి. అది కూడా అచ్చే. మీ సభకు వచ్చినవాళ్ళ కంటే ఇక్కడ వినేవాళ్ళు ఎక్కువ.

పాఠకులకు ఇంకొక్క మాట. కొట్టు ఫోను నంబరు పనిచేస్తోంది. నేను సెలవు రోజుల్లో ఉంటాను. గుడ్డ కొలవడం నాకు సరిగ్గా రాదు, కాబట్టి కొలుస్తూ మాట్లాడలేను. అడవి గురించి అడిగితే మాత్రం అత్త చెప్పినట్టే చెబుతాను.

ఆ రోజు అరుగు మీద అక్కడితో అయిపోలేదు. ముత్తమ్మ అలా అడిగాక, కవరు కాగితాలు పక్కన పడేసి, అత్త రాసిన గోధుమరంగు కాగితం తీశాను. చివరిది. గరుకు వైపు, జ్వరపు చేతి రాత, అక్షరాలు పక్కకు ఒరిగిపోయాయి. దాని మీద సూదులు లేవు. ఇంకా ఎవరికీ చదివి వినిపించలేదు కదా.

చదివాను. బుద్రి వాగు దాటింది. ముత్తమ్మ ఊఁ అంది. పాత చింతచెట్టును గుర్తుపట్టింది. ఊఁ. ఇల్లున్న చోట కొత్త గుడిసె, లోపల పొయ్యి పొగ. పిల్లతల్లి కూడా ఊఁ అంది. గుడిసెలోంచి ఒకామె "ఎవరది?" అని అడిగింది. ఊఁ. రోడ్డు మీద జీపు వచ్చి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. చివరి వాక్యం చదివాను: "బుద్రి నెత్తి మీది మూట దించకుండానే ఆమె కళ్ళలోకి చూసి ఇట్లన్నది". అంతే. అక్కడ అత్త కలం పైకి లేచింది, మళ్ళీ దిగలేదు.

"ఊఁ" అంది ముత్తమ్మ.

నేను కాగితం తిప్పి చూశాను. అటు వైపు నున్నగా, ఖాళీగా ఉంది. జీపులో సీట్లన్నీ నిండాయి, వెనక మెట్టు మీద కూడా ఎక్కేశారు. అరుగు మీద ఉన్నవాళ్ళు లేవలేదు. డ్రైవరు హారన్ కొట్టలేదు.

ముత్తమ్మ నా వైపే చూస్తూ మళ్ళీ అంది.

"ఊఁ."